మోల్ లెక్కకు త్రాసు కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం.

మీ పత్రిక విద్యా పేజీలో ఇంటర్ పిల్లల కోసం రసాయన శాస్త్రం బిట్లు వేస్తున్నారు. ఆ పేజీని కత్తిరించి నోటు పుస్తకంలో అంటించుకునేవాళ్ళు తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో చాలామందే ఉన్నారు. క్లాసులో చెప్పినదానికంటే పేపర్లో అచ్చయినదాన్నే గట్టిగా నమ్మే వయసు అది. అందుకే ఈ ఉత్తరం. ఈమధ్య మోల్ భావన మీద వచ్చిన బిట్లలో జవాబులు తప్పు కాదు, కానీ అంకెల పక్కన ప్రమాణాలు లేవు. "ఎస్‌టీపీ వద్ద 22.4" అని ఉంది. ఎస్‌టీపీ అంటే ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం. కానీ 22.4 ఏమిటి, ఎన్ని మోళ్ళకు, ఏ పీడనం దగ్గర అన్నది లేదు. "బరువు బై అణుభారం" అనే షార్ట్‌కట్ ఉంది, ఆ బరువు గ్రాముల్లోనా కిలోల్లోనా అన్నది లేదు. ఇలా నేర్చుకున్న లెక్క పరీక్ష హాల్లో ఒకసారి పనికొస్తుందేమో గానీ, ల్యాబులో బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కలుగా వదిలి కొలిచే గాజు గొట్టం) పట్టుకున్న రోజున చెయ్యిస్తుంది. ఉత్తరం కొంచెం పొడవైనదే. లెక్కలతో సహా చూపకపోతే ఈ విషయం చెప్పినట్టే కాదు, అందుకని మన్నించి చదవగలరు.

మోల్ అంటే తూకం వేసి లెక్కపెట్టే పద్ధతి. పిల్లలకు ముందు ఎక్కాల్సింది ఈ ఒక్క మాట. తిరుమల హుండీలో పడిన నాణేలను పరకామణిలో రకాలవారీగా వేరుచేస్తారని ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. వేరుచేసిన తర్వాత ఒక్కో నాణేన్ని వేలితో లెక్కించనక్కర్లేకుండా తూకంతోనే సంఖ్య తేల్చవచ్చు. 2011లో వచ్చిన శ్రేణిలో 5 రూపాయల నాణెం బరువు 6 గ్రాములు, రూపాయి నాణెం 3.79 గ్రాములు. 5 రూపాయల నాణేలు 6 కిలోలు తూగితే అవి వెయ్యి. రూపాయి నాణేలు అదే 6 కిలోలు తూగితే వెయ్యి కావు, సుమారు 1583. బరువు ఒకటే, సంఖ్య వేరు. సంఖ్య ఒకటే కావాలంటే రూపాయి నాణేలను 3.79 కిలోలే తూచాలి. 12 గ్రాముల కార్బన్‌లో, 23 గ్రాముల సోడియంలో, 197 గ్రాముల బంగారంలో పరమాణువుల సంఖ్య ఒకటే ఎందుకయిందో ఈ లెక్క అర్థమైనవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇదే నాణేలతో ఇంకో మెట్టు ఎక్కవచ్చు. పాత రాగి-నికెల్ 5 రూపాయల నాణెం 9 గ్రాములు తూగుతుంది. కుప్పలో నాలుగింట మూడు వంతులు కొత్తవి, ఒక వంతు పాతవి ఉన్నాయనుకుందాం. సగటు బరువు 6.75 గ్రాములు. 6.75 గ్రాములు తూగే నాణెం ఆ కుప్పలో వెతికినా దొరకదు. క్లోరిన్ పరమాణు భారం 35.45 అంటే కూడా అంతే. 35.45 తూగే క్లోరిన్ పరమాణువు ప్రకృతిలో లేదు. ద్రవ్యరాశి సంఖ్య 35 ఉన్నవి సుమారు 75.8 శాతం, 37 ఉన్నవి 24.2 శాతం కలిసి ఉండటం వల్ల వచ్చిన సగటు అది. పాతవి కలిశాయని తెలియక, 6.75 కిలోల కుప్పను 6 గ్రాములతో భాగిస్తే 1125 నాణేలని లెక్క వస్తుంది. ఉన్నవి వెయ్యే. ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) పాఠం చెప్పేటప్పుడు నిర్వచనం కంటే ముందు ఈ 125 తేడా చూపించాలి.

అవొగాడ్రో సంఖ్య, అంటే ఒక మోల్‌లో ఉండే కణాల సంఖ్య, గురించి రెండు సవరణలు అవసరం. మొదటిది, ఆ సంఖ్యను అవొగాడ్రో కనుక్కోలేదు. ఒకే ఉష్ణోగ్రత, పీడనాల వద్ద సమాన ఘనపరిమాణాల వాయువుల్లో అణువుల సంఖ్య సమానమని 1811లో ఆయన ప్రతిపాదించారు. ఆ మాట విలువ 1860లో కార్ల్స్‌రూహె సమావేశంలో ఇటలీ రసాయన శాస్త్రజ్ఞుడు కానిజారో చెప్పేదాకా రసాయన శాస్త్రజ్ఞులు పెద్దగా పట్టించుకోలేదు. అప్పటికి అవొగాడ్రో కన్నుమూసి నాలుగేళ్ళు. రెండోది, 2019 మే 20 నుంచి మోల్ నిర్వచనం మారింది. 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటే అన్ని అనే పాత నిర్వచనం పోయి, కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు ఒక మోల్ అని నిర్ణయించారు. క్లాసు లెక్కల్లో దీనివల్ల ఒక్క అంకె కూడా మారదు. కానీ నిర్వచనం అడిగే ఒక మార్కు ప్రశ్నలో పాతదాన్నే అచ్చువేస్తుంటే మాత్రం తప్పు. ఆ సంఖ్య ఎంత పెద్దదో చెప్పడానికి ఎక్కడెక్కడి పోలికలో తేనక్కర్లేదు. ఉద్ధరిణెడు తీర్థం 5 మిల్లీలీటర్లు అనుకుంటే 0.28 మోల్, అంటే దాదాపు 1.67 × 10²³ నీటి అణువులు.

ఇక 22.4 దగ్గరికి వద్దాం. ఆదర్శ వాయువు ఒక మోల్ 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ పీడనం వద్ద 22.4 లీటర్లు ఆక్రమిస్తుంది. ప్రామాణిక పీడనాన్ని 1 అట్మాస్ఫియర్ నుంచి 1 బార్‌కు మార్చాలని అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం 1982లో సిఫారసు చేసింది. 1 బార్ కొంచెం తక్కువ పీడనం కాబట్టి ఘనపరిమాణం కొంచెం పెరిగి 22.7 లీటర్లవుతుంది. ఇప్పుడు పిల్లల చేతుల్లో రెండు రకాల పుస్తకాలూ ఉన్నాయి. జేఈఈ, నీట్, ఈఏపీసెట్‌కు చదివేవాళ్ళు ఒక పుస్తకంలో 22.4, ఇంకో దాంట్లో 22.7 చూసి ఒకటి అచ్చుతప్పు అనుకుంటున్నారు. రెండూ సరైనవే, పీడనమే వేరు. బిట్‌లో "ఎస్‌టీపీ" అని వదిలేయకుండా "0 డిగ్రీలు, 1 బార్" అనో "0 డిగ్రీలు, 1 అట్మాస్ఫియర్" అనో నాలుగు మాటలు ఎక్కువ వేస్తే చాలు. ఇంకో సంగతి. 0 డిగ్రీలన్నది మన ఊరి గది కాదు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల తిరుపతిలో, పీడనం 1 బార్ అనుకుంటే, అదే ఒక మోల్ వాయువుకు సుమారు 26.2 లీటర్ల చోటు కావాలి. ల్యాబులో వాయువు పట్టి కొలిచి, దాన్ని 22.4తో భాగించే విద్యార్థికి ఆ రోజు 17 శాతం దాకా తప్పు వస్తుంది. సూత్రంలో తప్పు లేదు. ఏ పరిస్థితికి చెప్పిన సూత్రాన్ని ఏ పరిస్థితిలో వాడుతున్నామన్నది చూడలేదంతే.

ప్రమాణం వదిలేస్తే లెక్క ఎంత దూరం తప్పుతుందో సున్నంతో చూడవచ్చు. సున్నపురాయి 100 కిలోలు, అందులో కాల్షియం కార్బొనేట్ 90 శాతం. కాలిస్తే పొడి సున్నం ఎంత? కాల్షియం కార్బొనేట్ అణుభారం 100, కాల్షియం ఆక్సైడ్‌ది 56, కార్బన్ డయాక్సైడ్‌ది 44. 90 కిలోల నుంచి 50.4 కిలోల కాల్షియం ఆక్సైడ్, 39.6 కిలోల వాయువు వస్తాయి. ఇక్కడిదాకా అందరూ వస్తారు. బట్టీలో మిగిలేది మాత్రం 50.4 కిలోలు కాదు. మలినాలు కాలినా బరువు తగ్గనివి అయితే ఆ 10 కిలోలు కూడా అక్కడే ఉంటాయి, కాబట్టి త్రాసు 60.4 చూపుతుంది. సిద్ధాంతం ప్రకారం రావాల్సినదానికంటే ఎక్కువ వచ్చిందని పిల్లలు కంగారుపడేది ఇక్కడే. ఎక్కువ రావడం ఉండదు, పోయిన వాయువును కలుపుకుంటే 100 కిలోల లెక్క సరిపోతుంది. తర్వాతి ప్రశ్న మోళ్ళు ఎన్ని అన్నది. 50.4ను 56తో భాగించి 0.9 అని రాసేస్తారు. కిలోలను గ్రాములుగా మార్చాలి కదా, జవాబు 900 మోళ్ళు. వెయ్యి రెట్ల తప్పు కాగితం మీద చిన్నగానే కనిపిస్తుంది. ఆ సున్నాన్ని తడపడానికి లెక్క ప్రకారం కావాల్సిన నీరు 900 మోళ్ళు, అంటే 16.2 కిలోలు. కానీ అంతే పోస్తే సున్నం సరిగా విరగదు. ఒక మోల్ తడిస్తే సుమారు 65 కిలోజౌళ్ళ వేడి పుడుతుంది, 900 మోళ్ళకు 58,500 కిలోజౌళ్ళు. ఇరవై కిలోల పైచిలుకు నీటిని మరిగించి ఆవిరి చేయడానికి సరిపోయే వేడి అది. సున్నం తడిపేవాళ్ళు తొట్టి నిండా నీళ్ళు ఎందుకు పోస్తారో, దూరంగా ఎందుకు నిలబడతారో ఈ లెక్కలోనే ఉంది. సమతుల్య సమీకరణం చెప్పేది కనీస అవసరం మాత్రమే.

బంగారం లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. సవర అంటే 8 గ్రాములు. 8ని 197తో భాగించి పరమాణువుల సంఖ్య చెప్పమంటారు. 22 క్యారెట్ల నగ అయితే అందులో బంగారం 91.6 శాతమే, 7.33 గ్రాములు, సుమారు 2.24 × 10²² పరమాణువులు. శుద్ధత చూడకుండా మోళ్ళు లెక్కగట్టడం, రకాలు వేరుచేయకుండా నాణేలు తూచడం రెండూ ఒకటే తప్పు.

పిల్లలు అన్నిటికంటే ఎక్కువ తడబడేది పరిమిత కారకం దగ్గర. రెండు పదార్థాల బరువులు ఇస్తారు, ఏది ముందు అయిపోతుందో చెప్పాలి. తక్కువ బరువున్నదే ముందు అయిపోతుందని చాలామంది అనుకుంటారు. హోటల్లో ప్లేటుకు రెండు ఇడ్లీలు, ఒక వడ. 50 ఇడ్లీలు, 30 వడలు ఉంటే ప్లేట్లు 25. ఎక్కువ సంఖ్యలో ఉన్న ఇడ్లీలే ముందు అయిపోయాయి. ఇంతవరకు నోటితో చెప్పవచ్చు. దీన్ని త్రాసు మీద చూపించే ప్రయోగం ఒకటుంది. ప్రతి జూనియర్ కాలేజీ చేయగలిగినది, 0.01 గ్రాము దాకా చూపే ఎలక్ట్రానిక్ త్రాసు ఒక్కటి ఉంటే చాలు.

పాలరాయి ముక్కలు 5.00 గ్రాములు తీసుకోండి. 250 మిల్లీలీటర్ల కోనికల్ ఫ్లాస్కులో 2 మోలార్ (లీటరు ద్రావణంలో 2 మోళ్ళు ఉండే) హైడ్రోక్లోరిక్ ఆమ్లం 40 మిల్లీలీటర్లు పోయండి. ఆమ్లం ఉన్న ఫ్లాస్కు, పక్కనే ముక్కలు, మూతికి పెట్టే దూది అన్నీ కలిపి త్రాసు మీద ఉంచి బరువు రాసుకోండి. ముక్కలు వేసి, దూదిని వదులుగా పెట్టి, బుడగలు పూర్తిగా ఆగేదాకా ఉంచి మళ్ళీ తూచండి. తగ్గిన బరువే బయటికి పోయిన వాయువు. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్, 0.050 మోల్. ఆమ్లం 0.040 లీటరును 2తో గుణిస్తే 0.080 మోల్. ఒక మోల్ కార్బొనేట్‌కు రెండు మోళ్ళ ఆమ్లం కావాలి, అంటే 0.100 మోల్ ఉండాలి. లేదు. కాబట్టి ఆమ్లమే ముందు అయిపోతుంది. వచ్చే కార్బన్ డయాక్సైడ్ 0.040 మోల్, 1.76 గ్రాములు. పాలరాయే ముందు అయిపోతుందని లెక్కవేసినవాడికి 2.20 గ్రాములు వచ్చి ఉంటుంది. ఈ రెండింటిలో ఏది నిజమో త్రాసే చెబుతుంది. అడుగున మిగిలిన ముక్కలను కడిగి, ఆరబెట్టి తూస్తే సుమారు 1 గ్రాము ఉంటుంది. అది రెండో సాక్ష్యం.

అయితే మొదటిసారి చేసినప్పుడు 1.76 రాదు, 1.55 దగ్గర ఆగుతుంది. అక్కడే పాఠం మొదలవుతుంది, అందుకే ఆ అంకెను దిద్ది రాయనివ్వకూడదు. కారణాలు రెండు. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు. ఫ్లాస్కులో గాలి ఉన్న చోట ఇప్పుడు ఆ వాయువు నిండి ఉంది. పావు లీటరుకు తేడా సుమారు 0.15 గ్రాము. ఇంకొంత ద్రావణంలో కరిగి ఉంటుంది, అది 0.06 గ్రాము దాకా. రెండూ కలిస్తే 0.2 గ్రాము లోటు తెలిసిపోతుంది. ఫ్లాస్కును వంచి, రబ్బరు గొట్టంతో నెమ్మదిగా గాలి ఊది, ద్రావణాన్ని కాసేపు తిప్పి మళ్ళీ తూస్తే లోటు చాలావరకు తీరుతుంది. దూది లేకపోతే తప్పు రెండో వైపు పోతుంది. బుడగలతో పాటు ఆమ్లం తుంపరలు ఎగిరి, తగ్గిన బరువు ఉండాల్సినదానికంటే ఎక్కువ చూపుతుంది. ముక్కలకు బదులు పొడి వేస్తే నురగ మూతిదాకా పొంగుతుంది. కుప్పం వైపు దొరికే గ్రానైట్ ముక్కలు దీనికి పనికిరావు, అందులో కార్బొనేట్ లేదు. కొన్ని పాలరాళ్ళలో మెగ్నీషియం కూడా కలిసి డోలమైట్‌గా ఉంటుంది, అవి నెమ్మదిగా కరుగుతాయి. అలాంటప్పుడు కూడా వాయువు 1.76 గ్రాములే రావాలి. ముందు అయిపోయేది ఆమ్లం కాబట్టి రాయి మారినా వాయువు లెక్క మారదు, మిగిలే ముక్కల బరువు మాత్రం 1.3 గ్రాముల దాకా ఉంటుంది. పరిమిత కారకం అంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చూపే ప్రయోగం మాకు తెలిసి లేదు.

అంశమాపనం (టైట్రేషన్, అంటే గాఢత తెలిసిన ద్రావణంతో తెలియనిదాన్ని కొలవడం) దగ్గర తప్పులన్నీ బ్యూరెట్ ఎత్తకముందే జరిగిపోతాయి. ఆక్సాలిక్ ఆమ్లం 0.05 మోలార్ ద్రావణం 250 మిల్లీలీటర్లు కావాలి. సీసాలో ఉండే స్ఫటికాల్లో ప్రతి అణువుతో రెండు నీటి అణువులు కలిసి ఉంటాయి, అణుభారం 126.07. 0.05ను 0.250తో, 126.07తో గుణిస్తే 1.576 గ్రాములు. స్ఫటిక జలం మర్చిపోయి 90 వాడితే 1.125 గ్రాములే తూస్తారు, ద్రావణం 0.05 కాదు, 0.0357 మోలార్ అవుతుంది. దాంతో కనుక్కున్న సోడియం హైడ్రాక్సైడ్ గాఢత అసలుదానికి 1.4 రెట్లు కనిపిస్తుంది. సీసా లేబుల్ మీద అణుభారం ముద్రించే ఉంటుంది, చూసే అలవాటు చేయాలి. సోడియం హైడ్రాక్సైడ్‌నే నేరుగా తూచి ప్రామాణిక ద్రావణం (గాఢత కచ్చితంగా తెలిసినది) ఎందుకు చేయకూడదని అడిగే పిల్లలుంటారు. మంచి ప్రశ్న. ఆ బిళ్ళలు గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను త్రాసు మీదే పీల్చుకుంటాయి. తూకం నిలవని పదార్థంతో ప్రామాణిక ద్రావణం కుదరదు.

ఒక లీటరు నీళ్ళు పోసి అందులో ఒక మోల్ వేస్తే ఒక మోలార్ ద్రావణం అనుకోవడం ఇంకో తప్పు. మోలారిటీ ద్రావణం ఘనపరిమాణం మీద చెప్పేది. స్టాండర్డ్ ఫ్లాస్కులో ముందు కొంచెం నీటిలో కరిగించి, గది ఉష్ణోగ్రతకు వచ్చాక గీత దాకా నింపాలి. వేడిగా ఉన్నప్పుడు నింపితే చల్లారాక మట్టం గీత కిందికి దిగుతుంది. గరాటును కడిగిన నీళ్ళూ ఫ్లాస్కులోకే పోవాలి. బ్యూరెట్‌నూ పిపెట్‌నూ అందులో పోయబోయే ద్రావణంతోనే కడగాలి. లేకపోతే గోడలకు అంటిన నీళ్ళు గాఢతను తగ్గిస్తాయి. కోనికల్ ఫ్లాస్కును మాత్రం ఉత్త నీళ్ళతోనే కడగాలి. అందులోకి పిపెట్‌తో వేసిన మోళ్ళు లెక్క తేలినవి, నీళ్ళు కలిసినా మోళ్ళు మారవు, అదే ద్రావణంతో కడిగితే మోళ్ళు పెరుగుతాయి. "దేన్ని దేనితో కడగాలి" అని బట్టీ పట్టించే బదులు ఈ ఒక్క కారణం చెబితే జీవితాంతం గుర్తుంటుంది. బ్యూరెట్ కుళాయి కింద గాలి బుడగ ఉండిపోతే, మధ్యలో అది పోయినప్పుడు కారని ద్రావణం కూడా కారినట్టు లెక్కలోకి వస్తుంది. రంగుతో ముగింపు తెలిపే సూచిక ఫినాఫ్తలీన్ ఇచ్చే లేత గులాబీ రంగు అరనిమిషం నిలిస్తే చాలు. ఆ తర్వాత గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల రంగు పోతుంది, దాన్ని చూసి ఇంకో చుక్క వేయకూడదు.

ఇప్పుడు లెక్క. 20.0 మిల్లీలీటర్ల 0.0500 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లానికి 19.6 మిల్లీలీటర్ల సోడియం హైడ్రాక్సైడ్ పట్టింది. ఆమ్లం 0.00100 మోల్. ఒకదానికి రెండు కాబట్టి క్షారం 0.00200 మోల్. 0.0196 లీటరుతో భాగిస్తే 0.102 మోలార్. "ఎం1వీ1 = ఎం2వీ2" అనే సూత్రాన్ని (మోలారిటీ, ఘనపరిమాణాల లబ్ధం రెండు వైపులా సమానం) కళ్ళు మూసుకుని వాడితే 0.051 వస్తుంది, సరిగ్గా సగం. ఆ సూత్రం ద్రావణాన్ని నీటితో పలుచన చేసినప్పటిది. చర్యకు వాడాలంటే ఒక్కో వైపు ఎన్ని మోళ్ళు చర్యలో ఉన్నాయో ఆ అంకెతో భాగించాలి. అది గుర్తున్నవాళ్ళలోనూ సగంమంది ఆ రెండు అంకెలనూ తారుమారు చేస్తారు. ముందు మోళ్ళు రాసి, తర్వాత సమీకరణంలోని నిష్పత్తి చూసే దారిలో వెళ్తే తారుమారు చేయడానికి అంకెలే ఉండవు. ఇక కాలిక్యులేటర్ చూపిన 0.10204081 మొత్తం రాయడం. 19.6 అని మూడు సార్థక అంకెలతో కొలిచి ఎనిమిది అంకెల జవాబు రాయకూడదు, 0.102 దగ్గర ఆపాలి.

గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మీద 37 శాతం అని ఉంటుంది. అది బరువుకు బరువు శాతం. సాంద్రత మిల్లీలీటరుకు 1.19 గ్రాములు. లీటరు బరువు 1190 గ్రాములు, అందులో ఆమ్లం 440 గ్రాములు, 36.5తో భాగిస్తే సుమారు 12 మోలార్. ఒక లీటరు 1 మోలార్ ద్రావణానికి 83 మిల్లీలీటర్లు చాలు. సాంద్రత వదిలేసి 370 గ్రాములే అనుకుంటే 10.1 మోలార్ అని వచ్చి, 99 మిల్లీలీటర్లు పోస్తారు, ద్రావణం దాదాపు 1.19 మోలార్ అవుతుంది. నీటిలోకి ఆమ్లాన్ని పోయాలి, ఆమ్లంలోకి నీళ్ళు పోయకూడదు. సల్ఫ్యూరిక్ ఆమ్లం దగ్గర ఇది ప్రాణం మీది మాట.

ఈ లెక్కలు ఇంటికి ఎందుకు పనికొస్తాయో మన బోరు నీళ్ళతో చెప్పవచ్చు. సబ్బు నురగ రాని నీళ్ళు, గీజర్‌లో తెల్లటి పెచ్చులు కట్టే నీళ్ళు ఈ రెండు జిల్లాల్లో చాలామందికి పరిచయమే. 50 మిల్లీలీటర్ల నీటికి పీహెచ్ 10 దగ్గర ఉండేలా అమ్మోనియా బఫర్ (పీహెచ్‌ను నిలిపి ఉంచే ద్రావణం) కలిపి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు సూచిక చిటికెడు వేసి, కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే 0.01 మోలార్ ఈడీటీఏతో అంశమాపనం చేయాలి. ద్రాక్షసారా ఎరుపు పోయి నీలం రావాలి. బఫర్ తక్కువైతే రంగు మార్పు స్పష్టంగా ఉండదు, పీహెచ్ మరీ పెరిగితే మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా విడిపోయి లెక్క తగ్గుతుంది. 18.4 మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం. 0.01 మోలార్ ఈడీటీఏ ఒక మిల్లీలీటరు ఒక మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేట్‌కు సమానం, కాబట్టి 50 మిల్లీలీటర్లలో 18.4 మిల్లీగ్రాములు, లీటరుకు 368. భారత ప్రమాణం ఐఎస్ 10500:2012 ప్రకారం తాగునీటి కాఠిన్యతకు అంగీకార పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతి. నీటిలో కాల్షియం కార్బొనేట్ కరిగి ఉందని దీని అర్థం కాదు. కాల్షియం, మెగ్నీషియం ఏ లవణంగా ఉన్నా అన్నింటినీ ఒకే కొలతలో చెప్పడానికి ఎంచుకున్న ప్రమాణం అది. అణుభారం 100 కావడం లెక్కకు సులువు.

అందులో బైకార్బొనేట్ వల్ల వచ్చే తాత్కాలిక కాఠిన్యత లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉందని, గీజర్‌లో రోజుకు 15 లీటర్లు బాగా కాగుతున్నాయని అనుకుంటే, గరిష్ఠంగా రోజుకు 3 గ్రాములు, నెలకు 90 గ్రాముల పెచ్చు పడగలదు. దాన్ని నిమ్మ ఉప్పుతో, అంటే సిట్రిక్ ఆమ్లంతో, తీస్తారు. మూడు మోళ్ళ కార్బొనేట్‌కు రెండు మోళ్ళ సిట్రిక్ ఆమ్లం. 0.9 మోల్‌కు 0.6 మోల్. ఒక నీటి అణువుతో ఉండే స్ఫటికాలైతే 210తో గుణిస్తే 126 గ్రాములు. ఇంతే వేస్తే పెచ్చు పోయి, దాని చోట ఇంకో తెల్లటి అవక్షేపం మిగులుతుంది, కాల్షియం సిట్రేట్ నీటిలో అంతగా కరగదు కాబట్టి. లెక్కకంటే బాగా ఎక్కువ వేసి, వెంటనే ఎక్కువ నీటితో కడిగేయాలి.

సంపులో బ్లీచింగ్ పౌడర్ లెక్క కూడా ఇలాంటిదే. వెయ్యి లీటర్లకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్లోరిన్ కావాలంటే 2 గ్రాములు. తాజా పౌడర్‌లో 33 శాతం క్లోరిన్ ఉంటే 6 గ్రాములు చాలు. మూత తీసిపెట్టిన పాత పౌడర్‌లో అది 20 శాతానికి పడిపోతే 10 గ్రాములు వేయాలి. అరగంట తర్వాత కూడా నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.

సంపాదకులు గారూ, మేము కోరేది పెద్దదేమీ కాదు. బిట్లు వేయండి, కానీ ప్రతి అంకె పక్కన ప్రమాణం వేయండి. వాయువు లెక్క అయితే ఉష్ణోగ్రత, పీడనం వేయండి. జవాబు అక్షరం ఒక్కటే కాకుండా లెక్క చేసిన వరుస కూడా, కనీసం వారానికి ఒక ప్రశ్నకైనా, అచ్చువేయండి. పది బిట్లు తగ్గినా ఫర్వాలేదు. కాలేజీల యాజమాన్యాలకు కూడా మీ పత్రిక ద్వారా ఒక మనవి. ప్రాక్టికల్స్‌ను పరీక్షకు ముందు పదిహేను రోజులకు కుదించకండి. మోల్ పాఠం చెప్పే వారంలోనే పిల్లల చేతికి త్రాసు ఇవ్వండి. రికార్డులో ముందే తయారైన రీడింగులు రాయించడం కంటే, తప్పొచ్చిన 1.55 గ్రాములను అలాగే రాసి కారణం కింద వివరించిన పేజీకి ఎక్కువ మార్కులు వేయండి.

మీరు చోటిస్తే వారానికి ఒక లెక్క చొప్పున, ప్రయోగం, అందులో వచ్చే తప్పులతో సహా, పారితోషికం ఏమీ లేకుండా రాసి పంపగలం. మొదటి వారానికి పాలరాయి లెక్క సిద్ధంగా ఉంది.

ఇట్లు,
రసాయన శాస్త్ర అధ్యాపకులు కొందరు,
తిరుపతి, చిత్తూరు